మందు కాదు, మేత

ఆ ఎండాకాలం నేను గడ్డి తిన్నాను. మాటవరసకు అనడం లేదు, నిజంగానే తిన్నాను. పొద్దున్నే పరగడుపున ఓ గ్లాసు పసరు, సాయంత్రం గుప్పెడు మొలకలు. గుర్రాలు తినే గడ్డి అది. పెట్టింది మా నాన్న. లోకంలో అంతకు మించిన బలం ఇంకెందులోనూ లేదని నమ్మి పెట్టాడు. నేనూ నమ్మే తిన్నాను.

నాన్న గుర్రాలశాలకు పెద్ద. స్వారీ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో సగం మందికి శాల యజమాని ఎవరో తెలియదు గాని, నాన్న తెలియనివాళ్ళు లేరు. ఏ గుర్రానికి ఎంత దాణా పెట్టాలి, దేనికి విశ్రాంతి ఇవ్వాలి, దేన్ని ఎవరు ఎక్కాలి, అన్నీ ఆయన చెప్పినట్టే జరిగేవి. శాల వెనక గోడకు ఆనుకుని ఉన్న గదుల్లో నాన్న, అమ్మ, నేను ఉండేవాళ్ళం. చివరి గదిలో కూర్చుని తెగిన జీనులు, కళ్ళేలు కుట్టడం నా పని. తోలుకు ఆరెతో చిల్లు పొడిచి, మైనం పూసిన దారం లాగి బిగించానంటే గుర్రం ఎంత ఎగిరినా ఆ కుట్టు విడేది కాదు. పెళ్ళి మాటెత్తితే, "ముందు ఈ జీను కానివ్వండి" అని దాటేసేదాన్ని.

మొదట వేళ్ళే మొరాయించాయి. పొద్దున లేచేసరికి పిడికిలి బిగిసేది కాదు. తర్వాత మోకాళ్ళు. తర్వాత ముక్కుకు అటూ ఇటూ చెంపల మీద ఎర్రగా ఓ మచ్చ, ఎండలోకి వెళ్తే భగ్గున మండేది. చివరికి కాళ్ళు ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండిపోయేది. అది చూశాక గాని పెద్దాసుపత్రికి వెళ్ళలేదు.

"దీన్ని లూపస్ అంటారు," అంది డాక్టరమ్మ. పరీక్షల కాగితాలన్నీ పక్కన పెట్టి నాన్న వైపు తిరిగింది. "మన ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి ఉంటుంది కదా, అది ఇంటి కాపలా కుక్క అనుకోండి. దొంగల్ని కరవాల్సిన కుక్క, మీ అమ్మాయి ఒంట్లో ఇంటివాళ్ళనే కరుస్తోంది. ఇప్పుడు కిడ్నీల మీద పడింది."

"కుక్కను కట్టేయలేమా అమ్మా?" అన్నాడు నాన్న.

"కట్టేయడానికే ఈ మందులు. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీన్ అంతా మూత్రంలో పోతోంది. వానలు పడేసరికి అది తగ్గాలి. తగ్గలేదనుకోండి, కిడ్నీలు నిలవవు. ఇక మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకుంటూ బతకాలి."

గదిలో ఫ్యాన్ తిరుగుతూ చప్పుడు చేస్తోంది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పుకుపోయింది. ఎండలోకి వెళ్ళకూడదు. ఉప్పు బాగా తగ్గించాలి. వాపు తగ్గించే మందు ఎముకల్ని తినేస్తుంది కాబట్టి కాల్షియం, ఎండ తగలదు కాబట్టి విటమిన్ డి, ఆవిడ రాసిన లెక్కనే వేసుకోవాలి.

"ఇంకోమాట. బలానికని ఎవరో ఓ పొడి ఇస్తారు, ఇంకెవరో ఓ సీసా తెస్తారు. నన్నడక్కుండా ఒక్క గోళీ కూడా నోట్లో వేసుకోకూడదు."

నాన్న అన్నిటికీ తలూపాడు. గుర్రం కాలు విరిగినప్పుడు పశువుల డాక్టరు చెప్పేది ఎలా వింటాడో అలాగే, ఒక్క మాట పోకుండా విన్నాడు.

ఆ వారమే మా అత్త దిగింది. నాన్నకు అక్క. సంచీ నిండా సీసాలు. వెల్లుల్లి సారం గొట్టం మాత్రలు, ఏవో వేళ్ళ పొడి, ఎవరినో చావు దగ్గర నుంచి లాక్కొచ్చిన తేనెరంగు టానిక్కు. బల్ల మీద వరసగా పేర్చి, నా గడ్డం పట్టుకుంది.

"నీ మొహం చూడవే, ఎలా పీక్కుపోయిందో! ఇవన్నీ మింగు. నెల తిరిగేసరికి గుర్రంలా పరిగెత్తకపోతే నన్నడుగు."

నాన్న ఓ సీసా తీసి, చేయి చాచి దూరంగా పట్టుకుని చదివాడు. "రోగనిరోధక శక్తిని పెంచును." తల ఎత్తి, "అక్కా, ఇది కుక్కకు మాంసం పెట్టడం" అన్నాడు.

"ఏ కుక్కకి? ఎవరి కుక్క?"

నాన్న వివరించాడు. అత్త వినలేదు. మాటా మాటా పెరిగింది. చివరికి నాన్న సీసాలన్నీ సంచీలో వేసుకుని తీసుకెళ్ళి లద్దె గుంటలో బోర్లించి వచ్చాడు. ఆ టానిక్కు వాసనకు ఈగలు కూడా పక్కకు తప్పుకున్నాయని అమ్మ చెప్పింది.

"గుర్రాలు కాసేవాడికి మందుల సంగతి ఏం తెలుసురా?" అంటూ అత్త చెప్పులు వేసుకుంది. "ఆ పిల్లకి ఏదైనా అయితే నన్ను పిలవకు." అని వెళ్ళిపోయింది. గేటు దాటేదాకా ఆవిడ గొంతు వినబడుతూనే ఉంది.

నాకు ఆ పూట నాన్న మీద ఎంత ధీమా కలిగిందో చెప్పలేను. ఇంత జాగ్రత్త మనిషి ఉండగా నాకేం భయం అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నాన్న ఓ స్టీలు గ్లాసు పట్టుకొచ్చాడు. పైన నురగ, లోపల చిక్కటి పచ్చ.

"ఏమిటిది?"

"లూసర్న్. చుక్కకు పెట్టిందే. తాగు."

చుక్క అంటే నుదుట తెల్లమచ్చ ఉన్న గోధుమరంగు ఆడగుర్రం. అంతకుముందు ఏడాది ఈనిన తర్వాత పక్కటెముకలు లెక్కపెట్టేలా చిక్కిపోయి లేవలేకపోయింది. పశువుల డాక్టరు చేతులెత్తేశాడు. నాన్న మాత్రం శాల వెనక మడి చేసి, మూడేసి ఆకుల ఆ లూసర్న్ గడ్డి పెంచి, కోసి, చేత్తో తినిపించాడు. చుక్క లేచింది. ఇప్పుడు శాలలో దానంత నిగనిగలాడే ఒళ్ళు మరో గుర్రానికి లేదు. నాన్న జీవితంలో దేవుడికంటే గట్టిగా నమ్మింది ఆ మడినే.

"డాక్టరమ్మ తననడక్కుండా ఏమీ వద్దంది కదా నాన్నా."

"ఆవిడ వద్దన్నది మందులు. ఇది మందు కాదు, మేత. ఆకుకూర తినడానికి ఎవరైనా డాక్టర్ని అడుగుతారా?"

అడగరు. నాకూ అదే సబబుగా తోచింది. ముక్కు మూసుకుని తాగాను. వానకు తడిసిన గోనెసంచీ నమిలినట్టుంది. తాగాక నోరు మార్చుకోవడానికి నాన్న ఆపిల్ ముక్క ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు అరచేయి బల్లపరుపుగా, వేళ్ళన్నీ వెనక్కి వంచి చాపాడు. గుర్రం పళ్ళకు వేళ్ళు తగలకుండా అలా ఇస్తారు. నాకు పాలపళ్ళు వచ్చినప్పటి నుంచి ఏదిచ్చినా నాన్న అలాగే ఇచ్చేవాడు.

"నేనేం కరవను," అన్నాను ఎప్పట్లాగే.

"ఏమో. మీ అమ్మ కూతురివి," అన్నాడు ఎప్పట్లాగే.

వంటగదిలోంచి అమ్మ గరిటె చప్పుడు గట్టిగా వినిపించింది. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. ఇద్దరూ కబుర్లాపి ఇటు రండి."

మేం ముగ్గురం ఒకేసారి నవ్వడం ఆ ఎండాకాలంలో అదే ఆఖరు.

ఎండలు ముదిరాయి. నా గది కిటికీకి నాన్న తడిపిన గోనెపట్టా వేలాడదీశాడు. పగలంతా ఆ చీకటిలో పడుకుని, బయట గిట్టల చప్పుడు వింటూ ఏ గుర్రమో పోల్చుకుంటూ ఉండేదాన్ని. మందులతో మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. ఆకలి మాత్రం రాక్షసంగా వేసేది. తిన్న గంటకే మళ్ళీ కడుపులో ఎవరో గోకుతున్నట్టుండేది. ఇంత ఆకలిలో పెట్టేదేమో ఉప్పులేని కూర. ఉప్పు మానేస్తే రోషం చచ్చిపోతుందంటారు. నాకు రెట్టింపైంది. పళ్ళెం విసిరేసిన రోజులున్నాయి.

అమ్మ రెండు గిన్నెల్లో వండేది, ఉప్పున్నది ఒకటి, లేనిది ఒకటి. నాన్న ఏమీ చెప్పకుండా నా గిన్నెలోంచే వడ్డించుకోవడం మొదలుపెట్టాడు. "నీకేం వచ్చిందయ్యా?" అని అమ్మ అడిగితే, "బాగానే ఉందే" అని గొంతులోకి తోసుకునేవాడు. వారం తర్వాత అమ్మ కూడా ఉప్పున్న గిన్నె ఎత్తేసింది.

ఇంత చేసినా కాళ్ళ వాపు తొడల దాకా పాకింది. పొద్దున లేస్తే కళ్ళు తెరుచుకునేవి కావు. దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వచ్చేది. జీనుల గదిలో సగం కుట్టి వదిలేసిన జీను అలాగే బల్ల మీద ఉండిపోయింది. ఓ రోజు పంతం పట్టి వెళ్ళి ఆరె పట్టుకుంటే, చేతిలోంచి జారి కాలి పక్కన దిగబడింది. మళ్ళీ ఆ గదికి వెళ్ళలేదు.

రెండోసారి ఆసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టును కిందికీ పైకీ చూసింది.

"తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది. మందులు సరిగ్గా వేసుకుంటోందా?"

"ఒక్క పూట కూడా తప్పలేదమ్మా," అన్నాడు నాన్న.

"వేరే ఏమైనా వాడుతున్నారా? పొడులు, గోళీలు, టానిక్కులు?"

"లేదమ్మా. మా అక్క తెస్తే నేనే పారబోశాను."

అది నిజం. నాన్న మొహంలో ఆవగింజంత దొంగతనం లేదు. నేనూ పక్కనే కూర్చుని తలూపాను. డాక్టరమ్మ మందు మోతాదు పెంచింది.

ఇంటికొచ్చాక నాన్న నన్ను గుమ్మం వెలుతుర్లో నిలబెట్టి, కింది కనురెప్ప లాగి చూశాడు. పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు.

"నాన్నా, నేను బతుకుతానా?"

ఆయన వేలు నా పెదవి మీదే ఆగిపోయింది. చేయి తీసి, "రక్తం పలచబడింది. మేత చాలడం లేదు," అన్నాడు.

అప్పటి నుంచి మొలకలు మొదలయ్యాయి. ఆకు కంటే గింజలో సారం ఎక్కువని లూసర్న్ గింజలు తడిగుడ్డలో మూటకట్టి, మొలకెత్తాక పెట్టేవాడు. దారాల్లా సన్నగా, తెల్లగా ఉండేవి. మునిగిపోయేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడు కదా, నేను గుప్పెళ్ళతో పట్టుకున్నాను. నాన్న పెట్టడం ఆలస్యమైతే నేనే అడిగి తినేదాన్ని. వాంతి వస్తే కాసేపాగి మళ్ళీ తినేదాన్ని. పళ్ళ సందుల్లో పచ్చగా ఇరుక్కున్న ఆకుముక్కను నాలుకతో తీసి, అది కూడా మింగేదాన్ని. బతకాలని అంత ఆశగా ఉండేది. సిగ్గులేదు, రుచి లేదు, ఏం పెడితే అది.

అమ్మ ఒక్కతే ఓసారి నోరు విప్పింది. "ఏమయ్యా, ఇది మొదలుపెట్టాక దానికి ఎక్కువైనట్టు లేదూ?"

"చుక్కకు కూడా మొదట్లో ఎక్కువైనట్టే అనిపించింది," అన్నాడు నాన్న. గుర్రాల సంగతిలో ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ శాలలో ఎవరికీ లేదు. నేను కూడా ఆయన గుర్రాన్నే అయిపోయానని మాకెవరికీ తట్టలేదు.

ఎండలు నిప్పులు చెరుగుతున్న రోజుల్లో ఊపిరి అందక నన్ను ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందన్నారు. వార్డులో కిటికీ పక్క మంచం. ఎండ పడకుండా తెర వేశారు. చేతికి సూది, పక్కన వేలాడే సీసా. మిషన్ సంగతి డాక్టరమ్మ ఇప్పుడు రేపోమాపో అన్నట్టే మాట్లాడుతోంది. మెడ దగ్గర గొట్టం ఎక్కడ వేస్తారో కూడా చెప్పింది.

అక్కడికే వచ్చింది పథ్యం అమ్మాయి. అసలు పేరు ఏమిటో మాకు తెలియదు. రోగులు ఏం తినాలో చెప్పడం ఆమె ఉద్యోగం. వార్డంతా ఆమెను అలాగే పిలిచేది. నా ఈడుదే. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, అది ఎక్కడుందో వెతుక్కుంటూ ఉండేది. నా మంచం అంచున కూర్చుని పొద్దున్నుంచి ఏమేం తింటానో అడగడం మొదలుపెట్టింది. అన్నం, ఉప్పులేని కూర, ఉడికించిన గుడ్డు, చేప ఉంటే చేప.

అప్పుడే నాన్న ఫ్లాస్కు మూత తిప్పాడు. ఆసుపత్రికి కూడా రోజూ తెచ్చేవాడు. మూతలో పచ్చటి పసరు పోసి, ఆ అమ్మాయికి వాసన చూపించాడు. బహుమతి గెలిచిన గుర్రాన్ని చూపించే మొహం పెట్టాడు.

"మీ ఆసుపత్రి తిండిలో సారం లేదమ్మా, ఏమనుకోకు. దీని ప్రాణం నిలబెడుతోంది ఇదే. లూసర్న్. మొలకలు కూడా పెడుతున్నాను." జేబులోంచి డబ్బా తీసి తెరిచాడు. "మందేమో అని కంగారుపడకు. ఇది మేత."

ఆమె మొలకల్ని వేలితో కదిపి చూసింది. పెన్ను వెతుక్కోవడం మానేసింది. "పెద్దాయనా, కాస్త మంచినీళ్ళు పట్టుకొస్తారా? ఈ అమ్మాయి మాత్రలకి," అంది.

నాన్న చెంబు తీసుకుని వెళ్ళాడు. ఆమె నా వైపు వంగింది.

"ఎన్నాళ్ళుగా తింటున్నావు?"

"ఎండలు మొదలైనప్పటి నుంచి. మొలకలు తర్వాత."

"ఇంకొక్క చుక్క కూడా వద్దు." గొంతు తగ్గించింది. "మేం దీన్ని అల్ఫాల్ఫా అంటాం. అందరికీ మంచిదే. లూపస్ ఉన్నవాళ్ళకి మాత్రం ముట్టకూడని తిండి. ఇందులో ఉండే ఓ పదార్థం ఆ జబ్బును రెచ్చగొడుతుంది. ఆకు కంటే గింజల్లో, మొలకల్లో ఎక్కువ. ఇదొక్కటే కారణమని చెప్పలేను. కానీ ఇది మాత్రం మానెయ్యాలి."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె చేయి పట్టుకున్నాను. నా వేళ్ళు సరిగ్గా మూసుకోలేదు. "నాన్నకు చెప్పకండి."

"డాక్టరుగారికి చెప్పాలి కదా."

"ఆవిడకు చెప్పండి. నాన్నకు వద్దు. మీకు దణ్ణం పెడతాను."

నాన్న చెంబుతో వచ్చాడు. మంచం దగ్గరికి రాకముందే నడక నెమ్మదించాడు. ఆ అమ్మాయి మొహం చూశాడు. నా మొహం చూశాడు. మాటలు రాని జీవాల చెవులు, కళ్ళు చూసి వాటి నొప్పి కనిపెట్టడమే బతుకంతా ఆయన చేసిన పని. మేమిద్దరం నవ్వడానికి ప్రయత్నించాం.

నాన్న చెంబు బల్ల మీద పెట్టాడు. ఫ్లాస్కు, డబ్బా తీసుకుని వార్డు చివర ఉన్న తొట్టి దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు వినిపించింది. ఫ్లాస్కు కడిగి, మళ్ళీ కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"బయట ఎండ మండిపోతోంది," అన్నాడు.

"అవునండీ," అంది పథ్యం అమ్మాయి.

ఆ తర్వాత నేను ఓ పాపిష్టి కోరిక కోరుకున్నాను. తప్పు నాన్నదే కావాలని కోరుకున్నాను. ఎందుకంటే తప్పు ఆ గ్లాసుదే అయితే, గ్లాసు ఆగింది కాబట్టి నేను బతుకుతాను. కాకపోతే ఇక ఆపడానికి ఏమీ మిగల్లేదు, మెడలో గొట్టమే. నాన్న తన చేతులతోనే నన్ను చంపబోయాడని తేలాలి, అప్పుడే నేను బతుకుతాను. కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగి, అదే పదే పదే కోరుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నాన్న స్టూలు మీద నిటారుగా కూర్చుని నా కాళ్ళ వాపు వైపే చూస్తూ ఉండేవాడు. బహుశా ఆయనా అదే కోరుకుంటున్నాడు.

ఇద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. అమ్మ వచ్చినప్పుడు నాన్న బయటికి వెళ్ళి కూర్చునేవాడు. అమ్మ నా తల దువ్వుతూ చెప్పింది. "మడి మొత్తం పీకేశాడు. చుక్కకైనా ఉంచమంటే వినలేదు. వేళ్ళతో సహా తవ్వి తగలబెట్టాడు. పచ్చి గడ్డి కాలదు కదా, పొద్దంతా పొగే. కొండనాలుకకు మందేస్తే..." సగంలో ఆగి, దువ్వెనలో జుట్టు తీసి చుట్టి సంచీలో వేసుకుంది.

శాలలో దాణా కొలిచే పని కూడా నాన్న ఇంకొకరికి అప్పగించాడని ఆ రోజే తెలిసింది.

అత్త పిలవొద్దని అన్నది గాని ఉండలేకపోయింది. వార్డు గుమ్మంలో నన్ను చూడగానే ఏడుపు, ఏడుపు వెంటనే కోపం. "నా సీసాలు లద్దె గుంటలో పోశాడమ్మా మహానుభావుడు! పోశాక ఏం ఒరగబెట్టాడు? అదే గనక మింగి ఉంటే..."

అత్తను ఆపుదామని నేను లేవబోయాను. ఆవిడ సీసాలు కూడా కుక్కకు మాంసమే. ఆ విషయంలో నాన్న చేసింది సరైన పని. ఆయన ఆ మాట అంటాడని చూశాను.

నాన్న స్టూలు మీంచి లేచి అత్తకు జాగా ఇచ్చాడు. "నువ్వన్నది నిజమే అక్కా," అన్నాడు. "గుర్రాలు కాసేవాడికి మందుల సంగతి ఏం తెలుసు."

పోట్లాటకని వచ్చిన అత్త చేతిసంచీ కింద పెట్టింది. తమ్ముడి మొహం వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "కూర్చోరా. నువ్వు కూర్చో. నేను నిలబడతాలే," అంది. వెళ్ళేదాకా సీసాల ఊసెత్తలేదు.

మొదటి వాన పడిన రోజు రిపోర్టు వచ్చింది. అప్పటికి నన్ను ఇంటికి పంపేశారు. మందులింకా గట్టిగానే నడుస్తున్నాయి. డాక్టరమ్మ గదిలో నాన్న కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"తగ్గింది," అందామె. "చాలావరకు తగ్గింది. కిడ్నీల్లో పాడైన భాగం ఇక రాదు. మిగిలింది నిలబడేలా ఉంది. గట్టెక్కామని ఇప్పుడే అనను, కానీ మిషన్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం."

నేను ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చేయి వేసింది.

"దేనివల్ల తగ్గిందమ్మా?" అన్నాడు నాన్న తలుపు దగ్గర్నుంచి.

డాక్టరమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. "మందు పట్టింది పెద్దాయనా. మోతాదు పెంచాం కదా. ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది."

నాన్న చేతులు జోడించాడు.

వాన తెరిపి ఇచ్చేదాకా ఆసుపత్రి గేటు దగ్గర రేకుల కింద నిలబడ్డాం. రేకుల మీద వాన మోగుతోంది. నాన్న రోడ్డు వైపు చూస్తూ, "గుర్రం అబద్ధం చెప్పదు. డాక్టరమ్మ చెబుతుంది," అన్నాడు.

"నాన్నా..."

"మంచి డాక్టరమ్మ," అన్నాడు. తువ్వాలు తీసి నా తల మీద కప్పాడు.

ఇల్లు చేరేసరికి వాన మళ్ళీ అందుకుంది. అమ్మ తడిసిన గోనెపట్టా కిటికీ నుంచి విప్పేసింది. కొన్ని వారాల తర్వాత ఆ గదిలో పగటి వెలుతురు చూశాను. గోడవతల మడి ఉన్నచోట బురద, అందులో వాననీళ్ళు. చుక్క తల బయటికి పెట్టి ఆ బురద వైపు చూస్తోంది.

నాన్న వంటగదిలో ఆపిల్ కోస్తున్నాడు. చాలాసేపు కోశాడు. ముక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చి, బల్ల మీద నా వైపు జరిపి, రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇది తినొచ్చు కదా?"

"ఆపిలే కదా నాన్నా. నాకు పళ్ళు వచ్చినప్పటి నుంచి పెడుతున్నావు."

"అవుననుకో. ఆ పథ్యం అమ్మాయిని ఓ మాట అడిగితే పోయేదేముంది?"

శాల నిండా ఉన్న గుర్రాలు ఏం తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు తినాలో ఎవర్నీ అడక్కుండా చెప్పిన మనిషి.

"అడిగాను. తినమంది," అన్నాను. నేను అడగలేదు. నాన్న నా మొహంలోకి చూశాడు. ఆయనకు తెలిసిపోయింది. నేను చూపు తిప్పుకోలేదు.

"చేతిలో పెట్టుకుని ఇవ్వు," అన్నాను.

ఆయన కదల్లేదు. నేను మళ్ళీ అడిగాను. అప్పుడు దగ్గరికి వచ్చి, ఓ ముక్క తీసి అరచేతిలో పెట్టుకుని చాపాడు. వేళ్ళు వెనక్కి వంచాడు గాని చేయి నా నోటిదాకా తేలేదు, మధ్యలోనే ఆపేశాడు. నా వంకర వేళ్ళతో ఆయన మణికట్టు పట్టుకుని, తల వంచి, చిన్నప్పటిలా నోటితోనే అందుకున్నాను.

"కరవనులే," అన్నాను.

నేను నమిలి, మింగేదాకా నాన్న చాపిన చేయి చాపినట్టే ఉంచి, నా గొంతు వైపే చూస్తూ నిలబడ్డాడు.